ముందు మెడ చూసే మనిషి

మొన్న మంగళవారం పొద్దున్నే, నేను షట్టరు సగం ఎత్తానో లేదో, ఒక కానిస్టేబుల్ కాగితం పట్టుకుని లోపలికి దూరాడు. బందరులో కోర్టుల దగ్గర నాకో చిన్న డీటీపీ సెంటరు ఉంది. అఫిడవిట్లు, శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, ఏది తెచ్చినా కొట్టి ఇస్తాను.

"అర్జెంటమ్మా. ఫ్లెక్సీ మేటరు. మధ్యాహ్నానికల్లా ప్రింటింగుకి వెళ్ళిపోవాలి. శనివారం కల్యాణమండపంలో ప్రజలతో మీటింగు పెట్టారండి మా సారు. మీలాంటి చదువుకున్నవాళ్ళు కూడా వచ్చి నాలుగు మాటలు మాట్లాడాలి మరి."

కాగితం మీద పెద్ద అక్షరాలతో 'మన పోలీసు ప్రాధాన్యాలు' అని రాసి ఉంది. మొదటిది, గొలుసు దొంగతనాల నిర్మూలన. రెండోది, సాయంత్రం వేళ ఆడపిల్లలకు రక్షణ. మూడోది, ఏ ఫిర్యాదు వచ్చినా వెంటనే నమోదు. కింద ఇంకా ఏవో ఉన్నాయి. వాటిని చదవలేదు, కొట్టానంతే. చదివే ఓపిక లేకపోయింది. ఒళ్ళు మండిపోతోంది.

ఎందుకంటే అదే బల్ల మీద, ఆ కాగితం పక్కనే, ఇంకో చీటీ ఉంది. మా వీధి పెద్దావిడ ఒకరి పెద్దకర్మ కార్డు కోసం, ఆవిడ అక్కగారి మనవడు రాసిచ్చి వెళ్ళిన చీటీ అది. ఆవిడ పోయి అప్పటికి అయిదు రోజులు. పోలీసుల కాగితం అర్జెంటు కాబట్టి ముందు కొట్టాను. ఆవిడది తర్వాత కొట్టాను. ఆవిడ విషయంలో నాకు ఈ వరస కొత్తేం కాదు.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. బతికున్నన్నాళ్ళూ ఒక పేరు బయట పెట్టనని మంకుపట్టు పట్టి అంత అవమానమూ పడ్డ మనిషి. ఆవిడ పేరు నేను బజార్లో పెట్టడం మర్యాద కాదు. మా వీధి వీధంతా 'పిన్నిగారూ' అనే పిలిచేది. ఆవిడకి పెళ్ళయిందా, మొగుడు ఏమయ్యాడు, పిల్లలెందుకు లేరు, ఇవేవీ నాకు తెలియవు. ఎప్పుడూ అడగలేదు. అడిగితే చెప్పే రకమూ కాదు.

ఎవరొచ్చినా ఆవిడ ముందు మెడ చూసేది. ముఖం తర్వాత. కొత్తగా కాపురానికొచ్చిన కోడలైనా, కరెంటు బిల్లు కొట్టేవాడైనా, ముందు ఆవిడ చూపు మెడ మీద పడేది. "ఇది చిలకలపూడి పని కాదే, ఎవడో మొరటుగా చేశాడు, ఆర్నెల్లలో నల్లబడుతుంది చూడు" అనేది, ఇంకా కూర్చోమని కూడా అనకుండా. రోల్డుగోల్డు గొలుసులు చెయ్యడం ఆవిడ పని. అరుగు మీద చిన్న బల్ల, గ్యాసు మంట, ఊదుగొట్టం, పటకారు, లంకెలు కడిగే యాసిడ్ సీసా. ఇత్తడి తీగని చుట్టి, లంకెలు కత్తిరించి, ఒక్కో లంకెనీ ఇంకో లంకెలో దూర్చి, మంటతో అతికి మాటు పెట్టి గొలుసు చేసేది. బంగారు పూత వేరే చోట పడేది. మా బందర్లో ఇంటికొకరు ఈ పనిలో ఉన్న రోజులవి. వేళ్ళ చివర్లు కాలి కాలి నున్నగా అయిపోయాయి. పొయ్యి మీంచి దించిన కాఫీ గిన్నెని ఉత్త చేత్తో పట్టుకునేది. మేం హడలిపోతే, "నాకు కాలదే. కాలాల్సిందంతా ఎప్పుడో కాలిపోయింది" అని నవ్వేది.

గొలుసు గట్టిదనం అంటే ఆవిడకి ప్రాణం. చేసిన ప్రతి గొలుసునీ మేకుకి తగిలించి రెండు చేతులా గుంజి చూసేది. "నకిలీ సరుకని ఎలా పడితే అలా చేస్తారే సన్నాసులు. నకిలీ చెయ్యడానికీ నిజాయితీ ఉండాలి" అనేది. గొలుసు తెంపే దొంగల మాట వస్తే మాత్రం పకపకా నవ్వేది. "మన బందర్లో గొలుసు తెంపేవాడు పొరుగూరి వాడై ఉండాలి. ఊరివాడైతే మన మెడల్లో ఏముందో తెలీదూ!"

నేను టైపు నేర్చుకునే రోజులవి, తొంభైల మధ్యలో. మా వీధికీ టైపు ఇన్‌స్టిట్యూట్‌కీ మధ్య ఒక గోడౌన్ సందు ఉంది. ఒక పక్క గోడౌన్ గోడ, ఇంకో పక్క మురిక్కాలవ. లైటు స్తంభం ఉంది, లైటు లేదు. సాయంత్రం బ్యాచి ఆరున్నరకి వదిలితే పిల్లలందరూ ఆ సందులోంచే రావాలి. సందు చివర సైకిళ్ళ మీదా స్కూటర్ల మీదా వెధవలు కాపలా. చున్నీలు లాగడం, మాటలు, ఒకటా రెండా. పిల్లల తల్లిదండ్రులు ఎవరో అర్జీ పెడితే, మా పేట స్టేషన్ ఎస్సై ఆ సందుకి సాయంత్రం గస్తీ వేశాడు. ఆరు నుంచి ఎనిమిది దాకా ఒక కానిస్టేబుల్ అక్కడ తిరగాలి. వచ్చినట్టు గుర్తుగా ఒక పుస్తకంలో టైము వేసి సంతకం పెట్టాలి.

ఆ పుస్తకం పెట్టిన రేకు డబ్బాని సందు మొదట్లో ఉన్న పిన్నిగారి గోడకి మేకు కొట్టి తగిలించారు. తగిలించిన రోజు ఫొటో తీశారు. "మీ వీధి భద్రత మీ చేతుల్లో పెడుతున్నానమ్మా" అన్నాడు ఎస్సై. ఆవిడ పొంగిపోయింది. డబ్బాకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. శుక్రవారం శుక్రవారం తుడిచేది. పొద్దున్నే జనం పేపరు చదివినట్టు ఆవిడ ఆ పుస్తకం తీసి నిన్నటి సంతకం చూసుకునేది.

మొదటి పది రోజులూ కానిస్టేబుల్ సరిగ్గా ఆరింటికి వచ్చి నిలబడ్డాడు. సన్నటి మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, నోట్లో నాలుక లేనివాడు. పదకొండో రోజున మధ్యాహ్నం రెండింటికే వచ్చాడు.

"పిన్నిగారూ, గుడివాడ బందోబస్తుకి వెళ్తున్నానండి. మంత్రిగారు వస్తున్నారంట. సాయంత్రానిది ఇప్పుడే పెట్టేసి వెళ్తాను, ఏమనుకోకండి."

"పెట్టుకో నాయనా. పిల్లలు గలవాడివి, నీ ఉద్యోగానికేం రాకూడదు" అని ఆవిడ కాఫీ ఇచ్చింది. అతని దగ్గర కలం లేకపోతే తన కలం తెచ్చి ఇచ్చింది.

ఆ తర్వాత అదే అలవాటైపోయింది. ఒక రోజు అవనిగడ్డలో ఎవరిదో విగ్రహం ప్రారంభం, ఒక రోజు మా కృష్ణ ఒడ్డు శ్రీకాకుళం గుళ్ళో ఎవరో పెద్దాయన దర్శనం, ఒక రోజు ఉయ్యూరులో రాస్తారోకో. బళ్ళ కాగితాలు తనిఖీ చేసే రోజైతే ఇక చెప్పనే అక్కర్లేదు, స్టేషన్ మొత్తం సెంటర్లోనే. మంత్రికి పోలీసులు కావాలి, విగ్రహానికి పోలీసులు కావాలి. పద్దెనిమిదేళ్ళ పిల్లలు నడిచే సందుకి మాత్రం సంతకం చాలు. మధ్యాహ్నం వచ్చి సంతకం, మర్నాడు పొద్దున్న వచ్చి నిన్నటి సంతకం. ప్రతిసారీ కాఫీ, ప్రతిసారీ పిన్నిగారి కలం. పాపం అతని తప్పేముంది అనుకునేది ఆవిడ. మేమూ అనుకునేవాళ్ళం. జాలి పడి భస్మాసురుడిలా మా నెత్తిన మేమే చేతులు పెట్టుకున్నాం.

కార్తీకమాసం. ఆరున్నరకే చీకటి పడిపోయింది. ఆ రోజు నాతో వచ్చే పిల్ల రాలేదు, నేనొక్కదాన్నే సందులోకి వచ్చాను. వెనక నుంచి స్కూటరు. ఇద్దరు. వెనక కూర్చున్నవాడు చున్నీ పట్టుకోబోయి గొలుసు పట్టుకున్నాడో, గొలుసుకే చెయ్యి వేశాడో తెలియదు. స్కూటరు ఆగలేదు, గొలుసు తెగలేదు. అది పిన్నిగారు చేసిన గొలుసు, అంతకుముందు శ్రావణమాసంలో మా అమ్మ కొన్నది. నేను ఎన్ని అడుగులు ఈడ్చుకుపోయానో చెప్పలేను. తెగేసరికి నేను మురిక్కాలవ గట్టు మీద పడి ఉన్నాను. కుడి చెవి కింద నుంచి మెడ వెనక దాకా కోసుకుపోయింది. చేతిలో గొలుసు ముక్క మిగిలింది, కొక్కెంతో సహా.

పిన్నిగారి అరుగే దగ్గర. ఆవిడ ఎప్పటిలాగే ముందు మెడ చూసింది. మంట ఆర్పేసింది. లోపలికి తీసుకెళ్ళి డెట్టాలుతో కడిగింది, పాత చీర చింపి కట్టింది. ఆ తర్వాత నా గుప్పిట్లోంచి గొలుసు ముక్క తీసుకుని దీపం దగ్గర పెట్టి చూసింది.

"నా పనే" అంది. "ఛీ, నా చేతులు పడిపోను. ఇంత గట్టిగా ఎందుకు చేశానే?"

నేను ఆవిడ చేతులు పట్టుకున్నాను. "పిన్నిగారూ, మా ఇంట్లో చెప్పకండి. నాన్నకి తెలిస్తే రేపటి నించి టైపు మానిపించేస్తాడు. ఘంటసాల నించి వచ్చిన సంబంధం ఒకటి పట్టుకుని కూర్చున్నాడు. ఎవరికీ చెప్పకండి."

"చెప్పను. ఈ పొయ్యి మీద ఒట్టు. నీ పేరు నా నోటి నించి రాదు." కట్టు ముడి ఇంకోసారి బిగించి, "కానీ ఊరుకోను" అంది.

ఇంట్లో కాలవ దగ్గర జారి తీగకి గీసుకుపోయిందని చెప్పాను. అమ్మ నమ్మిందో, నమ్మినట్టు నటించిందో. చున్నీ మెడ చుట్టూ తిప్పుకుని మర్నాడు టైపుకి వెళ్ళాను.

ఆవిడ స్టేషన్‌కి వెళ్ళింది. అక్కడ జరిగింది తర్వాత ఆవిడే నాకు చెప్పింది, ఎస్సై గొంతు పెట్టి మరీ. ఆవిడ ఆ గొలుసు ముక్క బల్ల మీద పెట్టింది. ఎస్సై దాన్ని కలంతో కదిపి చూశాడు.

"బంగారమా?"

"కాదండీ. రోల్డుగోల్డు. నేను చేసిందే."

ఎస్సై నవ్వాడట. పక్కన కేసులు రాసే రైటర్ కూడా నవ్వాడట. "ఏమ్మా, రోల్డుగోల్డు గొలుసుకి కేసు కట్టమంటావా? నెలాఖర్లో క్రైం మీటింగు ఉంది. రికవరీ చూపించడానికి ఏముంది ఇందులో? కేసు ఒకటి పెరిగిందని నాకు చీవాట్లు తప్ప!"

"గొలుసు రోల్డుగోల్డేనండీ. మెడ రోల్డుగోల్డు కాదు కదండీ."

"సరే, ఆ మెడ ఎవరిదో తీసుకురా."

"తీసుకురాను. మాటిచ్చాను. మెడ తెగిందని నేను చెప్తున్నాను, చాలదా? మీరు స్కూటరు వాణ్ణి వెతకండి."

అప్పుడు ఎస్సై చెప్పిన మాట ఇదీ. "నిన్న ఆరు నుంచి ఎనిమిది దాకా మా కానిస్టేబుల్ అదే సందులో గస్తీలో ఉన్నాడు. అతని కళ్ళెదుట ఇంత ఘోరం జరిగితే చూడకుండా ఉంటాడా? కావాలంటే నీ గోడ మీదున్న పుస్తకమే తెరిచి చూడు. సంతకం ఉంటుంది."

ఉంది. మధ్యాహ్నం రెండింటికి ఆవిడ అరుగు మీద కూర్చుని, ఆవిడ కాఫీ తాగి, ఆవిడ కలంతో పెట్టిన సంతకం. టైము ఆరూ పదిహేను.

ఆవిడ ఇంటికి తిరిగొచ్చి ఆ డబ్బా ముందు నిలబడడం నేను కిటికీలోంచి చూశాను. కుంకుమ బొట్టు చెంగుతో తుడిచేసింది. పుస్తకం తీసి లోపలికి పట్టుకెళ్ళి ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసింది. నేను వెళ్తే నా వంక చూడకుండానే మాట్లాడింది.

"నేనే ఇచ్చానే కలం. నా చేత్తో నేనే ఇచ్చాను. ఎవడో గొలుసు లాగాడు, సరే, వాడు దొంగ. ఈ దొంగ సంతకానికి పీట వేసి కూర్చోబెట్టిందెవరు? నేను. ఇక ఈ పుస్తకం ఇవ్వను. ఎస్పీ గారి దగ్గరికే పట్టుకెళ్తాను."

ఎస్పీ గారి దగ్గరికి ఆవిడ రెండు సార్లు వెళ్ళింది. రెండు సార్లూ ఆయన లేరన్నారు. ఈలోగా కానిస్టేబుల్ వచ్చి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. "పిన్నిగారూ, నా ఉద్యోగం పోతుందండి."

"పోదయ్యా. నీ సంతకం వాళ్ళకి అవసరం. నీలాంటి వాణ్ణి పోనివ్వరు" అంది. ఆ రోజు కాఫీ ఇవ్వలేదు.

ఆ తర్వాత జీపు వచ్చింది. ఇన్నాళ్ళూ మా వీధిలోకి రాని జీపు, పుస్తకం కోసం వచ్చింది. ప్రభుత్వ రికార్డు దాచినందుకు కేసు కడతామన్నారు. లైసెన్సు లేకుండా యాసిడ్ పెట్టుకుందని ఇంకో కేసు కడతామన్నారు. ఆ కేసులకి క్రైం మీటింగు అడ్డం రాలేదు చూడండి! ఆవిడ అరుగు దిగి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"పట్టుకెళ్ళండి. ఈ బందర్లో యాసిడ్ లేని కొంప ఎక్కడుందో ముందు చూపించి, తర్వాత నన్ను పట్టుకెళ్ళండి."

వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. ఒక్కరూ మెట్టు దిగలేదు. నేనూ దిగలేదు. చున్నీ ఇంకో చుట్టు చుట్టుకుని తలుపు వెనక నిలబడ్డాను.

ఆవిడ లొంగేలా లేదని వాళ్ళకి అర్థమైంది. అప్పుడు దారి మార్చారు. మర్నాడు సాయంత్రం హెడ్ కానిస్టేబుల్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చి మా మాస్టారితో అందరికీ వినపడేలా చెప్పాడు. "ఎల్లుండి వస్తాం మాస్టారూ. ప్రతి అమ్మాయి పేరూ అడ్రసూ రాసుకుంటాం. ఎవరి మెడ మీద దెబ్బుందో చూస్తాం. ఇళ్ళకెళ్ళి తల్లిదండ్రులతో మాట్లాడతాం. ఎవరో ఒకావిడ మా మీద అభాండాలేస్తోంది, తేల్చుకోవాలి కదా."

గొలుసు లాగినవాణ్ణి వెతకడానికి మనుషుల్లేరన్నారు. తెగిన మెడని వెతకడానికి మనుషులు దొరికారు. ఆ మాట తలుచుకుంటే ఇవాళ కూడా నా పళ్ళు పటపట కొరుక్కుంటాను. కానీ ఆ రోజు నేను చేసిందేమిటి? ఇన్‌స్టిట్యూట్‌లోంచి తిన్నగా పరిగెత్తి పిన్నిగారి కాళ్ళ మీద పడ్డాను.

"వదిలేయండి పిన్నిగారూ. మీకు దణ్ణం పెడతాను. మీరు పుస్తకం ఇచ్చేస్తే వాళ్ళు రారు. నాన్నకి తెలిస్తే చంపేస్తాడు. నాకేం కాలేదు, మానిపోతోంది, చూడండి."

ఆవిడ చూసింది. మెడనే చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత గ్యాసు మంట ఆపింది.

"అన్నం తిన్నావా?" అంది.

"లేదు."

"వెళ్ళి తిను. వాళ్ళు రారులే."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. రెండు చెంపలూ వాయించి ఉంటే ఇంకా బాగుండేది.

మర్నాడు నాలుగింటికి నేను మిషన్ మీద స్పీడు ప్రాక్టీసు చేసుకుంటున్నాను. హెడ్ కానిస్టేబుల్ ఆవిడని వెంటబెట్టుకుని వచ్చాడు. స్టేషన్లో టైపిస్టు సెలవట. మాస్టారు ఊళ్ళో వాళ్ళకి జాబ్ వర్క్ చేసేవారు కాబట్టి అక్కడికి తీసుకొచ్చాడు. చేతిలో రైటర్ రాసిచ్చిన కాగితం. ఆవిడ బయట బెంచీ మీద కూర్చుంది, ఒళ్ళో ఆ పుస్తకం పెట్టుకుని. మాస్టారు కాగితం తీసుకుని తరగతి అంతా ఒకసారి చూశారు.

"నువ్వు కొట్టమ్మా. హయ్యర్ పరీక్షకి వెళ్తున్నదానివి. తప్పులు పోకూడదు, పోలీసు వ్యవహారం."

అలా ఆ కాగితం నా మిషన్ మీదికి వచ్చింది. మూడు కాపీలు, మధ్యలో కార్బన్. నేను కొట్టిన మాటలు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. 'నేను చెప్పిన సంఘటన జరగలేదు. ఆవేశంలో తప్పుడు ఫిర్యాదు చేసినందుకు చింతిస్తున్నాను. మా వీధిలో గస్తీ ప్రతిదినం సక్రమంగా జరుగుచున్నది. పుస్తకమును నా ఇష్టపూర్వకముగా తిరిగి అప్పగిస్తున్నాను.'

సంఘటన జరగలేదు అని కొడుతున్నప్పుడు మెడ మీద కుట్టినట్టు నొప్పి. చున్నీ కింద చెమటకి గాయం మండుతోంది. లేచి 'జరిగింది, ఇదిగో' అనడానికి ఎంతసేపు పట్టేది? చున్నీ లాగేయడానికి పట్టినంతసేపు. నేను లేవలేదు. ఒక్క అక్షరం తప్పు లేకుండా కొట్టాను.

ఆవిడని లోపలికి పిలిచారు. కళ్ళద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కో లైనూ చదివింది. మూడు కాపీల మీదా గుండ్రటి అక్షరాలతో సంతకం చేసింది. పుస్తకం హెడ్ కానిస్టేబుల్ చేతికి ఇచ్చింది. వెళ్ళబోతూ నా మిషన్ దగ్గర ఆగి, ముందు నా చున్నీ వంక, తర్వాత నా ముఖం వంక చూసింది.

"బాగా కొట్టావే. ఒక్క తప్పు లేదు" అంది.

దెప్పిపొడుపనుకుంటే నాకు ప్రాణం హాయిగా ఉండేది. దెప్పిపొడుపు కాదు. నకిలీ పని కూడా నిజాయితీగా చెయ్యాలనే మనిషి. నిజంగానే మెచ్చుకుంది.

నెల తిరక్కుండానే ఆ సందు గస్తీ ఎత్తేశారు. ఆ వీధి నించి ఫిర్యాదులేవీ లేవు కాబట్టి గస్తీ అనవసరమట. డబ్బా ఊడదీసుకుపోయారు, మేకు వదిలేశారు. నేరాలు తగ్గించినందుకు ఎస్సైకి ఆగస్టు పదిహేనున ప్రశంసాపత్రం ఇచ్చారు. అలా తగ్గాయి మా ఊళ్ళో నేరాలు. నేనే తగ్గించాను, మూడు కాపీల్లో.

పిన్నిగారు ఆ మేకుకి ఒక వైరు లాగి బల్బు వేలాడదీసింది. సాయంత్రం ఆరవగానే ముక్కాలి పీట తెచ్చుకుని సందు మొదట్లో వేసుకునేది. ఒళ్ళో తీగచుట్ట, చేతిలో పటకారు. మంటతో పని లేని లంకెలు అక్కడ కూర్చుని వంచేది. స్కూటరు చప్పుడైతే తలెత్తి చూసేది. "ఎవర్రా అది? మీ నాన్న ఫలానా వాడు కదూ? ఉండు, రేపు వచ్చి చెప్తాను మీ ఇంట్లో" అని ఆవిడ కేకేస్తే స్కూటరు వచ్చిన దారినే పోయేది. ఆఖరి పిల్ల దాటి వెళ్ళేదాకా లేచేది కాదు. టైపు ఇన్‌స్టిట్యూట్ పోయి అక్కడ కంప్యూటర్ సెంటరు వచ్చింది. పిల్లలు మారారు. పీట మారలేదు. జ్వరం వచ్చిన రోజు ముసుగు కప్పుకుని కూర్చునేది. ఏళ్ళ తరబడి నేను ఆ పీట పక్క నించే నడిచాను. ఆవిడ ఎన్నడూ ఆ కాగితం ఊసెత్తలేదు.

గొలుసులు చేసే పద్ధతి మాత్రం మార్చేసింది. నా పెళ్ళికి తను చేసిన గొలుసు ఒకటి ఇచ్చింది. అలవాటు కొద్దీ నేను మేకుకి తగిలించి గుంజాను, ఆవిడలాగే. కొక్కెం పక్క లంకె చటుక్కున విడిపోయింది. నేను బిత్తరపోయాను.

"అది అంతే" అంది ఆవిడ. "ప్రతి గొలుసులోనూ ఆ ఒక్క లంకెకి మాటు పెట్టడం మానేశాను. వాడు లాగితే గొలుసు వాడితో పోవాలి, మెడ మనతో ఉండాలి."

ఆ లంకె వల్ల ఆవిడకి బేరాలు పోయాయి. గొలుసులు ఊరికే ఊడుతున్నాయని షావుకార్లు తిరగ్గొట్టేవాళ్ళు. ఒకప్పుడు గట్టిదనానికి పేరు పడ్డ చెయ్యి, పనికిరాని చెయ్యి అనిపించుకుంది. "ముసలిదయిపోయింది, మాటు కూడా కుదరడం లేదు" అన్నారు. ఆవిడ వాళ్ళకి కారణం చెప్పలేదు. చెబితే ఎవరి మెడ అని అడుగుతారుగా.

ఆ మంగళవారానికి ముందు గురువారం ఆవిడ పోయింది. ఎవరికీ చెప్పకుండా, నిద్రలో. పీట ఇంకా గోడ పక్కనే ఉంది.

శనివారం కల్యాణమండపానికి వెళ్ళాను. వేదిక వెనక నేను కొట్టిన ఫ్లెక్సీ, ఒక్క తప్పు లేకుండా. పాత ఎస్సై కాదు, కుర్ర ఆఫీసరు. మంచివాడిలాగే ఉన్నాడు, మర్యాదగా మాట్లాడాడు. గొలుసు దొంగతనాలే తన మొదటి ప్రాధాన్యమన్నాడు. "మీ పోలీసులంటే మీరెందుకు భయపడాలండీ? పాతవైనా సరే, మీకు జరిగినవి ధైర్యంగా చెప్పండి. ఇక్కడికిక్కడే రాసుకుంటాం" అన్నాడు. పక్కన రైటర్ పుస్తకం తెరిచి, కలం మూత తీసి కూర్చున్నాడు.

నేను లేచాను. మైకు నా దగ్గరికి తెచ్చారు. నా పేరు చెప్పాను, ఇంటిపేరుతో సహా, వీధి పేరుతో సహా. గోడౌన్ సందులో స్కూటరు మీద వచ్చి నా గొలుసు లాగారని చెప్పాను. అప్పుడొక మనిషి నా తరఫున మీ స్టేషన్‌కి వచ్చిందనీ, అలాంటిదేం జరగలేదని ఆవిడ చేత మీవాళ్ళు రాయించుకున్నారనీ, ఆ కాగితం కొట్టింది నేనేననీ చెప్పాను. జరిగింది, అన్నాను. ఆఫీసరు నిజంగానే బాధపడినట్టు ముందుకు వంగాడు.

"అయ్యో. ఎన్ని గ్రాములమ్మా?" అన్నాడు.

రైటర్ రాసుకోవడానికి తల వంచాడు.

నేను మెడ మీంచి పైట తీసేశాను. కుడి చెవి కింద నుంచి వెనక దాకా ఉన్న ఆ గీత కనబడేలా దీపాల వైపు తిరిగాను.

"ముందు మెడ రాసుకోండి" అన్నాను.